ఎడమ చేతికి ఏడు గుండీలు

మద్రాసులో స్వెటరేంటి సార్ అని
గోడౌన్ స్ట్రీట్ కొట్లో కుర్రాడు నవ్వాడు.
మే నెల. రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంటోంది.
ఉన్ని కాదయ్యా, నూలు, అన్నాను.
కరూర్ నుంచి వచ్చిన కోను ఒకటి తీశాడు,
వార్చిన గంజి రంగు.
వేళ్ళ మధ్య నలిపి చూశాను.
పురి గట్టిగానే ఉంది.

మా నాయన బిన్నీ మిల్లు నుంచి వచ్చేవాడు
కనుబొమ్మల మీద దూదితో.
అమ్మ గుమ్మంలోనే ఆపి కొంగుతో దులిపేది.
నూలు సంగతి ఆయనే చెప్పాడు:
ఉన్ని సాగినా మళ్ళీ సర్దుకుంటుంది,
నూలు సాగిందంటే సాగినట్టే,
అలిగి వెళ్ళిన మా మేనత్తలాగా
ఎవరు బతిమాలినా వెనక్కి రాదు.
కాబట్టి పల్చగా అల్లాలి, బరువెక్కనివ్వకూడదు.

ఊచలు నావే.
పాత హెర్క్యులిస్ సైకిల్ చక్రంలోవి నాలుగు.
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టర్‌ని,
మొన ఎలా అరగదీయాలో నాకొకరు చెప్పాలా!
అల్లడం మాత్రం పక్కింటి డోరతీ నేర్పింది.
అప్పటికే ఆవిడకి చూపు ఆనదు,
వేలితో తడిమి
నా తప్పు ఏ వరసలో ఉందో చెప్పేది.

ఒకటి సీదా, ఒకటి ఉల్టా.
పై వరసలో సీదా మీద ఉల్టా, ఉల్టా మీద సీదా.
ఆవాలు చల్లినట్టు
బట్టంతా బొడిపెలు బొడిపెలుగా లేస్తుంది.
బొడిపెకీ బొడిపెకీ మధ్య ఇంత గాలి.
నున్నటిదైతే చెమటకి వీపుకి అతుక్కుంటుంది,
ఇది అతుక్కోదు.

తాయారుకి ఉన్ని పడదు, మెడ చుట్టూ దద్దుర్లు.
ఆ ఏసీ గదిలో మంగళ, గురు, శని
నాలుగేసి గంటలు.
ఒంట్లో నెత్తురంతా బయటికెళ్ళి, చల్లబడి, తిరిగొస్తుంది.
వీధిలో నలభై ఒకటి,
లోపల ఈవిడకి పళ్ళు టకటక.
ఆస్పత్రి దుప్పటి ఎవరెవరి వాసనో వేస్తుందంటుంది.

ఎడమ చెయ్యి ముందు అల్లాను.
అది మామూలు చెయ్యి కాదు.
మోచేతి కింద రెండు నరాలు కలిపి కుట్టారు,
వేలు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టుంటుంది.
దాని మీద ఏదీ బిగుతుగా ఉండకూడదు,
పైకి మడిచి తోయకూడదు.
అందుకని భుజం నుంచి మణికట్టు దాకా చీలిక,
ఏడు గుండీలు.
కొబ్బరి చిప్పవి. స్టీలువి చల్లగా తగుల్తాయి.
టెక్నీషియన్ పిల్ల షాహీన్ ఏడూ విప్పి, ఏడూ పెట్టి,
డిజైన్ ఎవరిది తాతా, అంది.
డ్రాయింగ్ నంబర్ లేదమ్మా, అన్నాను.

కుడి చెయ్యి అవకముందే వేసుకుంది.
ఇంకో పది రోజులాగు అంటే
పది రోజులంటే నాలుగు సార్లు,
చలికి నువ్వు చెప్తావా, అంది.
సరే.
శనివారం కుడి భుజం అంచు నుంచి కుట్లు ఎత్తుకుని
ఆమె ఒంటి మీదే మొదలుపెట్టాను.
మూడు ఊచలు చుట్టూ, నాలుగోది నా చేతిలో.
ఎడమ పక్క మిషను, ఎర్ర గొట్టాలు.
కుడి పక్క నేను, ఒళ్ళో కోను.
కదలకండమ్మా, అంది షాహీన్ అటు నుంచి.
కదలకే, అన్నాను ఇటు నుంచి.
ఇద్దరూ కట్టేశాక ఎక్కడికి పోతాను, అని
కళ్ళు మూసుకుంది.

పదిహేడో వరసలో
ఉల్టా పడాల్సిన చోట సీదా పడింది.
చాలా పైకొచ్చాక చూశాను.
ఊడదీయాలంటే ఆమెని లేపాలి.
డోరతీ అయితే వేలితో పట్టేసేది.
మోచేతికి కొంచెం పైన, లోపలి వైపు,
గోరంత నున్నటి చోటు.
ఇంకా గంటా పది నిమిషాలుందని మిషను చూపిస్తోంది.
పద్దెనిమిదో వరస నుంచి సరిగ్గానే ఉంది.